ఎర్రమట్టి మీద ఒక జారుడు

చలిదేశపు పట్నం కల్మార్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో ఎవరినడిగినా హెన్నింగ్ తాత పెద్ద టెన్నిస్ ఆటగాడనే చెబుతారు. ఆయన గెలిచిన ఆట ఒక్కటి చెప్పమంటే మాత్రం కాఫీ కప్పులోకి చూస్తారు. అందరికీ గుర్తున్నది ఓడిన ఆటే.

తాత ఆట నేర్చింది రంపపు మిల్లు గోడ దగ్గర. చలికాలమంతా మంచు మీద హాకీ ఆడిన చేతులు కావడంతో ఎడమవైపు వచ్చిన బంతిని రెండు చేతులతో బాదేవాడు. "అది టెన్నిస్ కాదురా, కట్టెలు కొట్టడం" అని శిక్షకుడు విసుక్కునేవాడు. ఆ కట్టెలు కొట్టడమే ఆయన్ని ఇటలీ దాకా తీసుకెళ్లింది. ఇద్దరు స్నేహితులతో ఒక పాత కారు, తన తల్లి కట్టిచ్చిన ఎండు రొట్టె రేకులు, ఊరికో పోటీ. నిద్ర కూడా కారులోనే, కాళ్లు కిటికీ బయట పెట్టుకుని. తాత ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ కాళ్లు ఇంకొంచెం పొడవవుతుంటాయి.

రోమ్‌లో ఒకసారి పెద్ద కోర్టు దక్కింది. ఎదుట ఆ ఊరి ముద్దుబిడ్డ. ఆట సాయంత్రం దాకా సాగి, అయిదో సెట్‌లో తాత ఓడిపోయాడు. చెయ్యి కలిపి, నేరుగా మూలకు వెళ్లి, మట్టిని చదును చేసే బరువైన వల పట్టుకుని కోర్టంతా లాగడం మొదలుపెట్టాడు. తన ఊరి క్లబ్బు రివాజు అదే: ఆడినవాళ్లే తుడిచి, తర్వాతివాళ్లకు నున్నగా అప్పగించాలి. రోమ్‌లో ఆ పనికి మనుషులుంటారని ఆయనకు తట్టనే లేదు. వాళ్లు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. తన ఆట వాళ్లకు అంత నచ్చిందా అని తాత పొంగిపోయాడు. మర్నాడు పేపర్లో పడిన ఫొటోలో ఆయన చేతిలో రాకెట్ లేదు, వల ఉంది.

తర్వాత ఇంకొన్నేళ్లు ఆడి, మోకాళ్లు మొరాయించాక ఇంటికొచ్చి, ఊరి పిల్లలకు ఆట నేర్పాడు. పిల్లలు ముందు నేర్చుకున్నది తుడవడం.

ఈ సెప్టెంబరులో క్లబ్బువాళ్లు మిగిలిన ఒక్క మట్టి కోర్టునూ తవ్వేసి, అద్దాల గోడల మధ్య ఆడే ప్యాడెల్ కోర్టు కట్టాలని తీర్మానించారు. పిల్లలొస్తారని తాత కూడా చెయ్యెత్తాడు. ఆ రోజు ఇంట్లో పరధ్యానంగా ఉడికిన బంగాళాదుంపలు తొక్క తీయకుండానే తిన్నాడు. ఆయన కోరిక ఒక్కటే: మట్టి పోయేలోగా మునుపటిలా ఒక్కసారి జారి బంతి కొట్టాలి. తుంటి ఎముక మార్పించుకున్న నాటి నుంచి జారడం మీద ఆయన భార్య సిగ్‌బ్రిత్ అమ్మమ్మ నిషేధం ఉంది.

చివరి సాయంత్రం ఇద్దరే ఆడారు.

"నడుస్తూ ఆడు, హెన్నింగ్."

"నడుస్తూ ఆడితే ఉత్తరాలు పంచడానికొచ్చాననుకుంటారు."

"పడ్డావంటే లేపను. ఆ వల మీద వేసి ఇంటికి లాక్కుపోతా."

"రోమ్‌లో అయితే దానికీ చప్పట్లు కొడతారు."

కాసేపు బంతి అటూ ఇటూ మర్యాదగా తిరిగింది. అప్పుడు అమ్మమ్మ కొట్టిన బంతి నెట్టు దాటి, కుడివైపు అంచున, బాగా ముందుకు పడింది. ఆవిడ బంతి పొరపాటున ఎక్కడా పడదు. తాత పరుగెత్తి, కుడికాలు చాచి జారాడు. మట్టి సర్రున చీలింది. ఆయన కొట్టిన బంతి నెట్టుకు తగిలి ఇటే పడింది. తాత మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఆ బంతి అక్కడెందుకు వేశావు?"

"చెయ్యి జారింది."

"నీకా?"

అమ్మమ్మ బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పింది.

తాత అలవాటుగా మూలకు వెళ్లి లాగే వల అందుకున్నాడు. క్లబ్బు అధ్యక్షురాలు తూవా కంచె అవతలి నుంచి అంది: "వదిలెయ్ తాతా, పొద్దున్నే తవ్వేస్తారు కదా."

"ఆడింది మేమేగా," అని తాత కోర్టంతా లాగాడు, మూలలతో సహా. కుడివైపు అంచుకొచ్చేసరికి ఆ పొడవాటి జారుడు గీతను చెరపకుండా, వలను దాని చుట్టూ తిప్పుకుని ముందుకు పోయాడు.

"అక్కడ మిగిలిపోయింది," అంది అమ్మమ్మ.

"చూశాను."

ఆవిడ బెంచీ మీద పక్కకు జరిగి, యాలకుల బన్ను సగం చేసి ఇచ్చింది. వెలుతురున్నంతసేపూ ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కాఫీ తాగారు.