తొట్టిలో నానిన క్రిస్మస్ తాత

మెంతులు నానిన వాసన తగిలితే ఇప్పటికీ వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి చూస్తాను. దోసెలకి నానబోసిన పప్పులో కాసిని మెంతిగింజలు తప్ప మరేమీ ఉండవని తెలుసు, మా ఆవిడ పక్కనే నిలబడి నవ్వుతుందనీ తెలుసు. అయినా చూస్తాను. ఆ నీళ్లలోంచి ఎవరూ నన్ను చూడటం లేదని ఖాయం చేసుకుంటే తప్ప నాకు దోసె గొంతు దిగదు. మనవల్ని ఎత్తుకునే వయసులో చెప్పుకోవలసిన సంగతి కాదిది. జుట్టు నెరిసింది గానీ బుద్ధి ఇంకా నానుతూనే ఉంది.

మాది బందరు చిలకలపూడి. డిసెంబరు వస్తే తడిమంచు వాసన, కోతలైన పొలాల మీంచి వచ్చే గడ్డి వాసన, మా మామ్మ నూనెలో వేసే గులాబీ పువ్వుల కమ్మదనం కలిసి సందంతా నిండిపోయేవి. వెదురుబద్దలకి రంగుకాగితాలంటించిన నక్షత్రం ఇంటిమీద వెలిగేది, సముద్రం వైపు నుంచి తెచ్చిన సరుగుడు కొమ్మ అరుగుమీద క్రిస్మస్ చెట్టయ్యేది. పొద్దుగూకాక చర్చివాళ్లు డప్పులు కొట్టుకుంటూ పాటలతో ఇల్లిల్లూ తిరుగుతుంటే వాళ్లకి ముందు క్రిస్మస్ తాత గంతులేస్తూ వచ్చేవాడు. ఎర్ర అంగీ, దూది గడ్డం, గులాబీరంగు పూసిన అట్టమొహం. డప్పు ఆగినా ఆ మొహంమీద నవ్వు ఆగేది కాదు, అదే నాకు భయం. నాకు ఆరేళ్లున్న ఏడు ఆ తాత నన్ను ఎత్తుకుని, చేతిలో పిప్పరమెంటు బిళ్లలు పోసి, "మళ్లీ ఏడు వస్తా. నన్ను గుర్తుపెట్టుకో" అని చెవిలో చెప్పి మా వెనకగదిలోకి వెళ్లాడు. బయటికి రావడం నేను చూడలేదు.

పండగ మర్నాడు, దివిసీమలో మాస్టారుగా చేసే మా బాబాయి నాగాయలంక బస్సెక్కి వెళ్లిపోగానే, మామ్మ చీర కుచ్చిళ్లు బిగించి పనిలోకి దిగేది. మా ఇంట్లో పండగ అయిపోయేది గానీ పండగ సామాను అయిపోయేది కాదు. బాలయేసు పశువులపాక బొమ్మలకింద పరిచిన గడ్డి గేదెకి, సరుగుడు కొమ్మ నీళ్లపొయ్యిలోకి వెళ్లేవి. నక్షత్రం కాగితాలు, గ్రీటింగు కార్డులు, కేకు అట్టపెట్టెలు, అన్నీ చింపి, గుప్పెడు మెంతులు కలిపి పెరట్లో సిమెంటు తొట్టిలో నానబోసేది. అవి మెత్తబడ్డాక రోట్లో దంచి, ఆ గుజ్జుని బోర్లించిన కుండకి మెత్తి ఎండబెడితే గట్టి బుట్టలు తయారయ్యేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వాటికోసం సంక్రాంతి దాకా మామ్మ చుట్టూ తిరిగేవాళ్లు.

ఆ ఏడు పండగ మర్నాడు మామ్మకి కాగితాలు అందిస్తూ తొట్టిలోకి తొంగిచూశాను. నీళ్లలో తాత మొహం తేలుతోంది. ఒక చెంప ఊడి పక్కకి జరిగింది, ముక్కు సొట్టపోయింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. కంటిచిల్లులో ఒక మెంతిగింజ ఇరుక్కుని కనుపాపలాగా నన్నే చూస్తోంది.

"మామ్మా, తాత..."

"ఆఁ, చూశాలే. ఇంకా నానాలిరా. మెత్తబడితే గానీ దంచడానికి లొంగడు," అంది మామ్మ, ఇంకో కార్డు చింపుతూ.

రోకటి పోటు పడ్డప్పుడల్లా నేను చెవులు మూసుకున్నాను. గడ్డం దూది నా తలగడలోకి వెళ్లింది. ఆ ఏడాదంతా నా తల గడ్డంమీద ఆనించి పడుకోవలసి వచ్చింది. చెవికింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టే ఉండేది. ఎండిన బుట్టలో మామ్మ జంతికలు పోసి పిలిస్తే, అడుగున గులాబీరంగు మరక కనపడి చెయ్యి వెనక్కి లాక్కునేవాణ్ణి. జంతికలంటే ప్రాణం నాకు, కానీ ప్రాణమంటే ఇంకా ప్రాణం.

వేసవిలో బాబాయి వచ్చినప్పుడు ధైర్యం చేసి ఆయనకొక్కడికే ఈ సంగతి చెప్పాను. ఆయన చాలా సేపు ఆలోచించినట్టు గడ్డం గోక్కున్నాడు.

"అవనిగడ్డ బస్టాండులో కనపడ్డాడ్రా బాబీ. మొహం వెతుక్కుంటున్నాడు పాపం. ఎవరింట్లో పెట్టానో గుర్తులేదన్నాడు."

"నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? ఆయనే వస్తాడుగా పండక్కి."

అప్పట్నుంచి డిసెంబరు ఎప్పుడొస్తుందా అని కాదు, రాకుండా ఉంటుందా అని ఎదురుచూశాను. అది వచ్చింది, డప్పులూ వచ్చాయి. నేను మంచంకింద గోడకి అతుక్కుని పడుకున్నాను. ఎర్ర అంగీ అంచు గదిలోకి వచ్చి, మంచం పక్కన ఆగి, వంగింది.

"నా మొహం ఏదిరా?"

"మామ్మ దంచేసిందండీ. నేను కాగితాలే అందించానండీ," అన్నాను ఏడుస్తూ.

గుమ్మంలో మూగిన సందంతా, పాస్టరుగారితో సహా, నవ్వింది. తాత కొత్తమొహం పైకెత్తితే లోపల మా బాబాయి. భయం పోవలసింది. పోలేదు. అయితే మామ్మ కిందటేడు దంచింది బాబాయి మొహాన్నేనన్నమాట అనిపించి, ఆ పూట భోజనంలో ఆయన చెంపలు అతుకుపెట్టినవేమోనని చూస్తూనే ఉన్నాను.

మామ్మ లేదు, తొట్టీ లేదు. ఇప్పుడు నక్షత్రం ప్లాస్టిక్‌ది, చెట్టు మడతపెట్టి అటకెక్కించేది. రంగుకాగితాలూ కేకు పెట్టెలూ పండగ మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ బండెక్కి ఎటో పోతాయి. పిల్లలెవరూ దేనికీ భయపడరు.

బాబాయి మాత్రం రిటైరై గుడివాడలో స్థిరపడ్డా, ఏటా వచ్చి అంగీ తొడుక్కుంటాడు. భోజనాల దగ్గర నా ఏడుపుని, ఆ "అండీ"లతో సహా, అభినయించి చూపిస్తాడు. మా కోడలి ముందు కూడా చూపించాడు. కిందటి క్రిస్మస్‌కి ఆయన మా వాకిట్లో గంతులేస్తుంటే, నేను సందులో పిల్లల్ని దగ్గరికి పిలిచి, "తాతకి డాన్సంటే పిచ్చర్రా. అలిసిపోయానంటాడు, నమ్మకండి," అని చెప్పాను. పిల్లలు ఆయన చేతులు పట్టుకుని గిరగిరా తిప్పారు. పాట మీద పాట అయింది. చివరికి ఆయన రొప్పుతూ నావైపు తిరిగాడు.

"ఒరేయ్ బాబీ, వీళ్లకి చెప్పరా, నేను మీ బాబాయినని."

పిల్లలు నావైపు చూశారు.

"ఈయనెవరో నాకు తెలీదర్రా," అని, డప్పువాళ్లకి ఇంకోటి అందుకోమని సైగ చేశాను.