ప్రయాణం ముద్ద

తెల్లవారుజామున నాలుగుంబావుకు మా అమ్మ కుక్కకు పెరుగన్నం పెట్టింది. మదనపల్లెలో మా ఇంటి నుంచి ఎవరు ఊరికి బయలుదేరినా, గడప దాటేముందు అమ్మ చేతి పెరుగన్నం ఒక ముద్ద తినాలి. పెళ్లికి పోయినా, పరీక్షకు పోయినా, కుప్పం దాకా పోయినా అంతే. దాన్ని ఆమె ప్రయాణం ముద్ద అనేది.

కుక్క మా అక్కది. కుప్పంలో టీచరుగా పనిచేసేటప్పుడు అద్దె ఇంటి మెట్ల కింద దొరికిన పిల్ల. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో అక్కకు జబ్బు చేసింది. బావ ఉద్యోగం ఢిల్లీలో. వైద్యానికి ఆమెను అక్కడికే తీసుకుపోయాడు. కుక్క మా దగ్గర ఉండిపోయింది. డాక్టర్లు ఇక మందులు మార్చడం మానేశాక, అక్క ఫోన్లో నన్ను ఒకటే అడిగింది.

"దాన్ని ఒకసారి చూడాలని ఉండాదిరా. తెస్తావా?"

రైల్లో అయితే రెండు రోజులు పడుతుందని బావ బెంగళూరు నుంచి విమానం టికెట్టు తీశాడు. కుక్కను ఎక్కించడానికి నియమాలు ఉన్నాయి. పెట్టెలో అది నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, గాలి ఆడాలి. మా వీధి వడ్రంగి టమోటా మండీకి పెట్టెలు కొట్టేవాడు. ఆ అలవాటుతోనే కొట్టిన మొదటి పెట్టెలో కుక్క తల వంచుకుని నిలబడింది. "టమోటాలు తలెత్తి సూడవు గదప్పా" అని రెండోది చేసిచ్చాడు. అందులో అక్క పాత నేతచీర ఒకటి మడిచి వేశాను.

అక్క దానికి టీకా వేయించింది కుప్పంలోనే కాబట్టి, ఆ కాగితం కోసం అక్కడికి పోయి వచ్చాను. ఆరోగ్యంగా ఉందన్న పత్రం పుంగనూరు పశువుల ఆసుపత్రిలో రాయించాను. అక్కడ ఆవును పట్టుకుని నిలబడిన సోమల ఊరి రైతు ఒకాయన, తాను రైలు కూడా ఎక్కలేదనీ, వచ్చే జన్మలో నా కుక్కగా పుడతాననీ అన్నాడు. డాక్టరు కూడా నవ్వాడు.

ఆఖరి నియమం, ప్రయాణానికి ముందు కొన్ని గంటలు తిండి పెట్టకూడదు. అమ్మకు రెండుసార్లు చెప్పాను. ఆమె రాత్రే కుక్క పళ్లెం కడిగి బోర్లించింది. తెల్లవారుజామున నేను జీపులో పెట్టెకు తాడు కట్టుకుంటున్నాను. ఇంట్లో ఏం జరిగిందో చూడలేదు.

దారిలో చింతామణి దాటాక కుక్క వాంతి చేసుకుంది. తుడవగలిగినంత తుడిచాను. విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి మనిషి వంగి పెట్టెలోకి చూశాడు. కుక్క మూలకు ముడుచుకుని ఉంది. చీర మడతల్లో ఇంకా అన్నం మెతుకులు ఉన్నాయి. ఒంట్లో బాగాలేని జంతువును ఎక్కించుకోవడం కుదరదని మర్యాదగానే చెప్పాడు. డాక్టరు మళ్లీ చూసి రాసివ్వాలి. జంతువులకు చోటు మళ్లీ వచ్చే వారమే.

బయట బూత్ నుంచి అక్కకు ఫోన్ చేసి, విమానంలో చోటు దొరకలేదని చెప్పాను. 

"అమ్మ పెరుగన్నం పెట్టింటుంది" అని అక్క నవ్వింది. "ఆమెనేమీ అనొద్దు. వచ్చే వారం తీసుకురా."

ఇంటికి వచ్చాక నేను అమ్మను ఏమీ అనలేదు. జీపులోంచి పెట్టె దించుతుంటే అమ్మే చీర చూసింది. నాలుగున్నరకు వర్జ్యం వస్తుందని అంతకు ముందే పెట్టానని చెప్పింది.

"తిండి యాడ పెట్టినానురా? పెరుగన్నమే గదా. ఊరికి పోయేదాన్ని అట్లే ఎట్ల పంపేది?"

చీర తనే ఉతికి ఆరేసింది.

మరో వారానికి మళ్లీ టికెట్టు తీశాం. ఆ రోజు రాకముందే అక్క పోయింది. కుక్కను పక్కింట్లో వదిలి మేమిద్దరం ఢిల్లీకి బయలుదేరిన పొద్దున అమ్మ వంటింటి వైపు పోలేదు. తాళం వేసి, నా కంటే ముందు గడప దిగింది.

మా ఇంట్లో ఇప్పుడు ఊరికి పోయేవాళ్లకు పెరుగన్నం పెట్టరు.