క్వారీ గుంటలో కనిపించని అల

దాచేపల్లి దగ్గర సున్నపురాయి తీసి వదిలేసిన ఒక క్వారీ గుంట ఉండేది. ఆ నీళ్ళ లోపల పైకి కనిపించని అల కదులుతుందని నిరూపించడమే నా పీహెచ్‌డీ. తొంభైల చివర్లో, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్న రోజులవి. "ఆ కాసిని నీళ్ళల్లో అలలేంటమ్మా? సెలవులయ్యేలోగా కొలిచి చూపించు, లేకపోతే టాపిక్ మార్చుకో" అన్నారు మా గైడు. నాకు ఒళ్ళు మండింది. మార్చనని అక్కడే చెప్పేశాను.

విషయం తేలికే. ఎండకి కాగిన నీళ్ళు చల్లటి నీళ్ళ మీద తేలుతుంటాయి. గాలి వీస్తే వెచ్చటి నీళ్ళు ఒక ఒడ్డున పోగుపడి, అక్కడ చల్లటి పొరను కిందికి నొక్కుతాయి. గాలి ఆగాక ఆ పొర లేస్తూ దిగుతూ ఊగాలి.

చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే మా నాన్న నా కోసం నూలు తాడు పేని, మీటరుకొక ఎర్ర దారం కట్టి ఇచ్చాడు. గాలి నీళ్ళని తోసే ఒడ్డు దగ్గర ఖాళీ డ్రమ్ము తేల్చి, దానికి ఆ తాడు కట్టి, చివర బరువుతో పాటు ఎలక్ట్రిక్ థర్మామీటరు పూసను రెండు పొరలూ కలిసే లోతులో వేలాడదీశాను. పూస నుంచి తీగ గట్టు మీది మీటరుకి వచ్చేది. రోజూ ఉదయం మీటరులో వేడి అంకె పెరిగేది. అదే అలనుకుని పొంగిపోయి, అంకె రాసుకుని, తాడు తీసి ఆరబెట్టి, సాగదీసి సరిచేసేదాన్ని. మిల్లు ఇళ్ళల్లో తడి నూలు ఎవరూ వదిలెయ్యరు, బూజు పడుతుంది.

నెల గడిచాక, క్వారీ కాపలా ఉండే సాయిబు గారు ఆ తాడు పట్టుకుని చూశారు. ఆయన ఖాళీ వేళల్లో మంచాలకి నవారు అల్లేవారు.

"నూలు తడిస్తే పొట్టిదైపోద్ది కదమ్మా. నవారు ఎట్టా బిగుసుద్దో చూళ్ళేదా?"

టేపు పెట్టి కొలిచాను. ఆరు మీటర్లకి మూరెడు తగ్గింది. అంటే తాడే పూసను పైనున్న వెచ్చటి నీళ్ళలోకి లాగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. గడువు నాలుగు రోజులుంది. ఆ అంకెలతో గీసిన పాత గ్రాఫే చూపిస్తే గైడు నమ్మేవారు, ఆ ఆలోచన రాలేదని చెప్పను. కాగితాలు చించేసి నాన్నకి చెప్పాను.

"ముప్పై ఏళ్ళు నూలుతో బతికి ఇది మర్చిపోయానా!" అన్నాడు. మర్నాడు మిల్లుకి సెలవు పెట్టి, తాడుకి బదులు ఇనప తీగ కొని, నాతో బస్సెక్కాడు.

పొద్దున గాలికి అంకె పెరిగింది. మధ్యాహ్నం గాలి పడిపోయింది. ఇప్పుడు చల్లటి పొర పైకి లేచి అంకె తగ్గితేనే అల. నాన్న మీటరు చదువుతున్నాడు, నేను రాస్తున్నాను.

"తగ్గుతోందమ్మా! తగ్గుతోంది!"

పావుగంటకి మళ్ళీ పెరిగింది, ఈసారి కొంచెమే. తర్వాత ఇంకా తక్కువ. మెట్లలా కోసిన రాతి అంచులకి కొట్టుకుని, సుళ్ళుగా విరిగి, అల తన బలం పోగొట్టుకుంటోంది.

"ఇక కదలట్లేదు. నీకు కావాల్సింది దొరికిందిగా, పోదాం పద" అన్నాడు నాన్న.

నెలంతా నేను చేసింది అదే. కావాల్సిన అంకె కనిపించగానే మీటరు కట్టేశాను. ఒక్క రోజైనా గాలి ఆగేదాకా కూర్చుని ఉంటే, అంకె తగ్గడం లేదని, అది అల కాదని తెలిసిపోయేది.

"కూర్చో నాన్నా. కదలట్లేదని కూడా రాయాలి" అన్నాను.

ఆయన అదే అంకె మళ్ళీ చదివాడు, నేను మళ్ళీ రాశాను.