పగటిపూట పారబోసిన తొక్కలు

హౌగెసున్ ఊరి రేవు వీధిలో పొద్దు వాలేదాకా చెత్తబకెట్టుకి కాపలా కాసే మనిషి లౌరిట్స్ ఒక్కడే. ఇంత బొజ్జ, దాని మీద మసిగుడ్డ. పట్టపగలు ఎవరైనా వాకిట్లో తొక్కలు పారబోస్తే చాలు, చీపురెత్తుకుని మీదికొస్తాడు. "ఏం బాబాయ్, దుంపతొక్కలకి వడదెబ్బ తగులుతుందా?" అని వీధి పిల్లలం ఏడిపించేవాళ్లం. నవ్వేవాడు కాదు. యుద్ధంలో ఆయన సరుకు ఓడ మీద వంటవాడు. తేలే చెత్తను పట్టుకుని శత్రువు జలాంతర్గామి వెంటపడుతుందని, పగలు సముద్రంలో ఏదీ పారేయకూడదని కట్టడి. ఒక మధ్యాహ్నం కంపు భరించలేక బకెట్టు కుమ్మరించేశాడు. సాయంత్రానికి ఓడ మునిగింది. ముప్పై ఒక్కమందిలో ఈయనొక్కడే బతికాడు. ఆ తొక్కల వల్లేనో కాదో ఎవరికీ తెలియదు, ఆయనకు తప్ప. ఊళ్లో మాత్రం "పొగమంచులో జలాంతర్గామి ఎదురుపడింది" అని చెప్పుకొచ్చాడు.

ఆ ఓడ ఇంజను మనిషి భార్య ఓస్‌బ్యోర్గ్ ఏటా ఓడ మునిగిన తేదీన ఆయనింటికి వచ్చి, కాఫీ తాగి, "నువ్వైనా మిగిలావు, అదే చాలు" అనేది. పదో ఏడు ఆ మాట అనగానే లౌరిట్స్ తల దించుకుని జరిగిందంతా చెప్పేశాడు.

ఆవిడ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. తర్వాత, "ఆ మధ్యాహ్నం మా ఆయనకేం పెట్టావు?" అంది.

"ఉప్పుచేప, దుంపలు."

"తిన్నాడా?"

"మారు అడిగి మరీ వేయించుకున్నాడమ్మా."

ఆవిడ లేచి కోటు గుండీలు పెట్టుకుంది. "రేపు మా అత్తగారిని తీసుకొస్తాను. ఆవిడక్కూడా నీ నోటితోనే చెప్పు."

"ఎన్నింటికమ్మా?" అన్నాడు లౌరిట్స్.