పానం మంచిగ లేదన్న మాట

డిసెంబరు వచ్చిందంటే చాలు, మా అపార్ట్‌మెంటు గేటుకి కాగితపు నక్షత్రం వేలాడుతుంది, కింద హాల్లో కేకు కోస్తారు. ఈ ఏడు సాఫ్ట్‌వేరు పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, అంకుల్, మీరు పెద్దవారు, క్రిస్మస్ అసలు అర్థం ఏమిటో, సేవ అంటే ఏమిటో ఓ అయిదు నిమిషాలు మాట్లాడండి అని అడిగారు. మోకాళ్ల నొప్పులని సాకు చెప్పి తప్పించుకున్నాను. మోకాళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. వాళ్లకి చెప్పలేనిది, నా ఈడువారు గనుక మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో నేను గుంటూరు జిల్లా నుంచి మాదాపూర్ వచ్చి ఒక కట్టుబడి పనిలో సూపర్‌వైజరుగా చేరాను. అప్పటికి ఇక్కడ ఇన్ని అద్దాల మేడలు ఎక్కడివండీ! ఎటు చూసినా బండరాళ్లు, తుమ్మచెట్లు, మధ్యలో మట్టి దారి. ఆ బండలు పగలగొట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉండేవారు. మూడేళ్లు వాళ్లచేత పని చేయించాను. వాళ్ల మాట నాకు మోటుగా తోచేది. అండీ లేదు, గారూ లేదు, అందర్నీ నువ్వనడమేమిటని మా ఆవిడ దగ్గర వాళ్లని అనుకరించి నవ్వించేవాణ్ణి కూడా. చెప్పింది సగం అర్థమైతే చాలు, మిగతా సగం నేనే పూరించుకునేవాణ్ణి.

ఇంకో సంగతీ చెప్పాలి. మా నాన్న తాగి తాగి పోయాడు. అందుచేత తాగుడంటే నాకు ఒళ్లు మంట. చర్చిలో మద్యపానం మీద ప్రసంగమంటే ముందు వరసలో కూర్చునేవాణ్ణి, దారిలో తాగినవాడు కనిపిస్తే ఆపి మరీ బుద్ధి చెప్పేవాణ్ణి. ఆ పౌరుషం నాకు అప్పట్లో పుణ్యంలా ఉండేది.

మూడో ఏడు క్రిస్మస్ నాటి మధ్యాహ్నం ఆ గుడిసెల దగ్గర దుప్పట్లు పంచుదామని మా చర్చి సంఘంవాళ్లని ఒప్పించింది నేనే. వ్యాను నిండా దుప్పట్లు తెచ్చాం, షామియానా వేశాం, హార్మోనియం శ్రుతి చూసుకుంటున్నాం. అంతలో మా దగ్గర రాళ్లు మోసే ఒకావిడ పరుగున వచ్చింది.

"సారూ, మా ఇంటాయనకు పొద్దటి సంది పానం మంచిగ లేదు. లేపితే లేస్తలేడు. జర నువ్వొచ్చి చూడు" అంది.

పానం! నాకు తెలిసిన పానం ఒక్కటే. పండగపూట పొద్దున్నే ఏదో నాసిరకం సారా పట్టించి పడిపోయాడని నా బుర్రలో ఖాయమైపోయింది. తాగి పడుకున్నవాణ్ణి ఇప్పుడేం చూస్తానమ్మా, ప్రార్థన అయ్యాక వచ్చి గడ్డి పెడతాలే అన్నాను. తాగలే సారూ అంటూ ఏదో చెప్పబోయింది. తాగుబోతు పెళ్లాం ఎప్పుడూ అనే మాటే అది, మా అమ్మ ఎన్నిసార్లు అనలేదు! చెయ్యి చూపించి ముందు వరసలో కూర్చోబెట్టాను. పని ఇచ్చే సారు కూర్చోమంటే లేచే ధైర్యం ఆమెకెక్కడిది? కూర్చుంది.

నాలుగు పాటలు పాడాం. సాటిమనిషికి సేవ చేయడం గురించి అరగంట నేనే మాట్లాడాను. ఆమె నా మొహం వైపు ఓసారి, గుడిసె వైపు ఓసారి చూస్తూనే ఉంది. దుప్పటి రెండు చేతులతో అందుకుంది కూడా. అదంతా ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అన్నీ అయ్యాక, బుద్ధి చెబుదామని వాళ్ల పాలమూరు మేస్త్రిని వెంటబెట్టుకుని ఆ గుడిసెలోకి వంగాను. సారా వాసన లేదు. ఆ మనిషి చెమటతో తడిసి ముద్దయి, గుండె మీద చెయ్యి నొక్కుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. పరుగులు పెట్టి వ్యానులో పడుకోబెట్టాం. దారిలో మేస్త్రి నావైపు చూడకుండా చెప్పాడు: "పానం మంచిగ లేదంటే ఒంట్ల బాగలేదని సారూ. మీరు ప్రాణమంటరు గద, మేం పానమంటం."

బోరబండ దాటకముందే, పెళ్లాం ఒడిలో తలపెట్టుకుని అతను పోయాడు. దవాఖానలో డాక్టరు, ఒక గంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లం గదా అన్నాడు. ఆ గంట నా దగ్గరే ఉంది. హార్మోనియం పక్కన ఉంది.

మూడోనాడు క్షమాపణ అడగడానికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననే వెళ్లాను. ఆమె గుడిసె విప్పి మూట కట్టుకుంటోంది. "నీ తప్పేముంది సారూ, నీకు మా మాట తెల్వకపాయె. నేనన్న గట్టిగ ఒర్లకపోతి" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అరిచి చెప్పలేకపోయానే అని తన్ను తనే నిందించుకుంటోంది ఆ తల్లి! నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ సాయంత్రమే పాలమూరు బస్సెక్కింది, మళ్లీ కనిపించలేదు.

దేవుడు పైనుంచి దుప్పట్లు విసిరి పోలేదు. బీదింట పుట్టి, వాళ్ల మాటే నేర్చుకుని, వాళ్ల గోడు వాళ్ల మాటలోనే విన్నాడు. క్రిస్మస్ అంటే నాకు తెలిసింది అంతే, అదీ ఓ మనిషిని పోగొట్టాక తెలిసింది. ఆ తరువాత నేను పాలమూరు మాట పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధి చివర కట్టే మేడల్లో పనివాళ్లంతా ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినవాళ్లు. వాళ్లలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా, నా దగ్గరికొచ్చి ఏ మాటతో చెబుతారో నాకు తెలియదు.