నిస్సి కంట్లో తెల్లచుక్క

నగరిలో పెళ్ళయినా, పుట్టినరోజైనా ఇమాంసాహెబ్ కెమెరా రావాల్సిందే. ఫ్లాష్ విషయంలో ఆయనకు మహా పట్టింపు. ముఖం మీద నేరుగా కొడితే దొంగను పట్టుకున్నట్టు ఉంటుందనేవాడు. అందుకే హాల్లో ఫ్లాష్‌ను కప్పు వైపు తిప్పి, వెలుతురును పైనుంచి మెత్తగా దించుతాడు. షామియానా కింద ఆ పని కుదరదు. ఎర్రగుడ్డకు తగిలి వచ్చిన వెలుతురు ముఖాలన్నిటికీ ఎరుపు పూస్తుంది. అప్పుడు ఎదురుగా కొట్టక తప్పదు, కొడితే కంటిపాపలు నిప్పుకణికల్లా పడతాయి. ఆ ఎరుపంతా కంప్యూటర్లో నల్లగా దిద్దితేగానీ ఫోటో చేతికివ్వడు. మేమంతా మెచ్చుకున్నది ఆ దిద్దుడునే.

నా కూతురు నిస్సి మొదటి రెండు పుట్టినరోజులూ ఇంటిముందు షామియానాలోనే చేశాం. రెండోది అయిన మూడోనాడు పొద్దున్నే ఇమాంసాహెబ్ వచ్చాడు. చేతిలో ఆల్బం లేదు, రెండు ఫోటోలున్నాయి. టీ ఇస్తే ముట్టలేదు. మొన్న తీసిన, ఇంకా దిద్దని ఫోటో ఒకటి చూపించాడు. నిస్సి కుడికన్ను ఎర్రగా ఉంది. ఎడమకన్ను పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఉంది.

"కంటి లోపలి నెత్తురు ఫ్లాష్‌కి ఎర్రగా పడతాది సుజనమ్మా. ఒక కన్ను తెల్లగా పడితే లోపల ఏదో ఉండొచ్చని నిన్న ఫోన్‌లో వీడియోలో ఒక డాక్టరు చెప్తా ఉంటే విన్నాను. ఈపొద్దే మద్రాసుకు పోండి."

వాకిట్లో ఆడుకుంటున్న పిల్ల నన్ను చూసి నవ్వింది. ఆ కంట్లో నాకేమీ కనబడలేదు. రెండో ఫోటో ఏమిటని అడిగాను. అది పోయినేడాది ఫోటో, దిద్దకముందుది.

"అప్పుడూ ఉన్నింది. ఫ్లాష్ తప్పనుకోని నేనే నల్లగా పూసేసినాను."

మా గోడమీద ఏడాదిగా వేలాడుతున్న ఫోటో వైపు చూశాను. రెండు కళ్ళూ నల్లగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ కళ్ళను వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయినదాన్ని నేను. పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఇంకో నిమిషం ఆయన ఎదుట ఉంటే ఏం తిట్టుండేదాన్నో.

మద్రాసు డాక్టరమ్మ కంట్లో క్యాన్సర్ అంది. ఏడాది ముందు తెచ్చుంటే కన్ను దక్కేదేమో, ఇప్పుడు కన్ను తీస్తేనే పిల్ల దక్కుతుందంది. తీశారు. పిల్ల దక్కింది.

ఆర్నెల్లు ఆయన ముఖం చూడలేదు. కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ పాత ఫోటో చెరిపేసి గమ్మున ఉండిపోతే ఎవరికి తెలిసేది? ఆ ఆలోచన కూడా నన్ను వదల్లేదు. మూడో పుట్టినరోజుకు కబురు పంపింది నేనే.

వచ్చాడు. షామియానా కింద నిస్సి ఎదుట గొంతుక్కూర్చుని ఫ్లాష్ నేరుగా కొట్టాడు. మరునాడు ఫోటో తెచ్చి ఇచ్చాడు. ఒక కన్ను నిప్పుకణికలా ఎర్రగా ఉంది. పెట్టుడు కన్ను నల్లగా ఉంది. ఏమీ దిద్దలేదు. గోడమీది పాతదాన్ని తీసేసి, అదే మేకుకు దీన్ని తగిలించాను.