తమ్ముడి కాళ్లకు కొలిచిన బండి

మొన్న జనగామలో కూరగాయలకని బయలుదేరి, ఒకప్పుడు నా వెల్డింగ్ దుకాణం ఉన్న చోటికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఇప్పుడక్కడ ఎవరో బండ్ల షాపు పెట్టుకున్నారు. దాని ముందు పొడుగాటి మనిషి ఒకడు కొత్త క్రూజర్ బండి మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే, మెకానిక్ అట్టపెట్టెలోంచి నిగనిగలాడే ఫుట్‌రెస్టులు తీసి, అతని కాళ్లు అందేంత ముందుకు బిగిస్తున్నాడు. చాయ్ తాగినంత సేపట్లో పని ముగిసింది, బండి వెళ్లిపోయింది, నేను మాత్రం ఖాళీ సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఈ వయసులో కళ్లలో నీళ్లు తిరగడానికి చావు కబురే రానక్కర్లేదు.

మా ఇంట్లో అందరం పొట్టివాళ్లమే. మా తమ్ముడొక్కడు ఎవరి పోలికతో వచ్చాడో గాని, పదో తరగతికే మా ఇంటి దర్వాజ వాడికి చాలకుండా పోయింది. మేనమామ పోలిక అని మమ్మల్ని కన్న అవ్వ అందరికీ చెప్పుకునేది, ఆ మేనమామ నాకంటే పొట్టి అని ఊరంతటికీ తెలిసినా సరే. అంత పొడుగువాడికి ఉద్యోగం ఎక్కడ దొరకాలి, భూపాలపల్లి బొగ్గు బావిలో దొరికింది. నేల మీద తలెత్తుకుని తిరగవలసినవాడు నేల కింద తల వంచుకుని నడిచే పనిలో పడ్డాడు. దానికి వాడెప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. వాడి బాధంతా బండితోనే. మామూలు బండి ఎక్కితే మోకాళ్లు హ్యాండిలుకు తగిలేవి, మలుపు తిప్పాలంటే ఒక మోకాలు బయటికి పెట్టుకోవలసి వచ్చేది.

అందుకే కాళ్లు చాపుకుని నడిపే క్రూజర్ బండ్లు వచ్చాయని తెలియగానే, ఇల్లు చక్కబెట్టుకోకముందే వాడు అది కొనుక్కున్నాడు. తీరా చూస్తే దాని సీటు నేలకు మరీ దగ్గర, ఫుట్‌రెస్టులు వాడికి చాలనంత వెనక. మోకాళ్లు మళ్లీ గుండెల దగ్గరికే వచ్చాయి. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఘనపూర్ మీదుగా అంత దూరం అట్లాగే ముడుచుకుని వచ్చి, బండిని నా దుకాణం ముందు నిలబెట్టి, దీన్ని ఏదైనా చెయ్యమన్నాడు.

నేను చేసేది గేట్లు, కిటికీ గ్రిల్లుల పని. బండి మీద అంతవరకు చెయ్యి వేసిన పాపాన పోలేదు. అయినా తమ్ముడు అడిగితే రాదని చెప్పే అన్న ఎక్కడుంటాడు. బండిని స్టాండు మీద నిలబెట్టి, వాణ్ని ఎక్కించి, రెండు కాళ్ల కింద ఇటుకలు పేర్చి, వాడు చాలు అనేదాకా ఆ ఇటుకలను ముందుకు జరుపుతూ పోయాను. ఇటుకలు ఎక్కడ ఆగాయో అక్కడికి ఇనుప పట్టీలు కోసి అతికించి ఫుట్‌రెస్టులు బిగించాను. గేరు రాడ్డు, బ్రేకు పెడలు కూడా అంత మేర పొడిగించాను, హ్యాండిలు లేపాను. సీటు కుట్టే అతను సీటును వెనక్కి జరిపి, పైన ఇంకో వరుస స్పాంజి వేసి ఇచ్చాడు. వాడు దాని మీద వీపు నిటారుగా పెట్టి, కాళ్లు బారుగా చాపి కూర్చున్నప్పుడు, అన్ని గేట్లు చేసినా నాకు ఎన్నడూ కలగని గర్వం కలిగింది.

మర్నాడు చెప్పులతో బండెక్కితే కాలి వేళ్లు మాత్రమే అందాయి. ముందురోజు షిఫ్టు దిగి నేరుగా రావడంతో వాడి కాళ్లకు బావిలో తొడుక్కునే దొడ్డు మడమల బూట్లున్నాయి, నేను కొలిచింది ఆ బూట్లతో కలిపి. గేట్లు బూట్లు తొడుక్కోవు కనుక ఆ సంగతి నాకు తట్టనే లేదు. మళ్లీ కోసి సరిచేస్తానంటే వాడు ఒప్పుకోలేదు, బండెక్కినప్పుడల్లా బూట్లే తొడుక్కుంటానన్నాడు. అన్నంత పనీ చేశాడు. బండికి పూజ చేయించడానికి చిల్పూరు గుట్టకు ఆ బూట్లతోనే వెళ్లాడు, మానుకోట వైపు పెద్దవంగరలో ఉన్న అత్తగారింటికి పట్టు పంచె కింద ఆ బూట్లే వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లాడు. వాళ్లు వాడికి బూట్ల అల్లుడని పేరు పెట్టారు. వాడు నవ్వేవాడు. మోకాళ్లు ముడవకుండా బతకడం ఎంత హాయో పొట్టివాళ్లకు తెలియదనేవాడు.

కొన్నేళ్లు అట్లా హాయిగానే గడిచాయి. తర్వాత ఒక వానకాలం దుకాణానికి వచ్చి, ఫుట్‌రెస్టులు దూరమైనట్టున్నాయి, కొంచెం వెనక్కి జరపమని అడిగాడు. నేను చేతిలో పని మీద నుంచి తలెత్తకుండానే, మళ్లీ చెప్పులతో వచ్చావా అని ఎగతాళి చేశాను.

"బూట్లే తొడుక్కున్న అన్నా."

తలెత్తి చూశాను. బూట్లే ఉన్నాయి, లేసులు కూడా బిగించి ఉన్నాయి. పట్టీ ఏమైనా వంగిందేమోనని కొలిచాను, ఇనుము వెంట్రుకవాసి కదల్లేదు. అప్పుడు గాని వాడి వంక సరిగ్గా చూడలేదు నేను. వీపు ముందుకు వంగి ఉంది, సరిగ్గా కూర్చోమంటే కూర్చోలేకపోయాడు. హనుమకొండ దవాఖానలో పెద్ద డాక్టరు, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయని, తుంటి కీళ్లు కూడా బిగుసుకుంటున్నాయని, మందులతో జబ్బును నెమ్మదింపజేయడమే గాని వీపును నిటారు చేయడం తన చేతిలో లేదని చెప్పాడు. బావి పనికీ ఈ జబ్బుకూ సంబంధం లేదని కూడా అన్నాడు. అవ్వ మాత్రం పోయేదాకా ఆ బావి కప్పునే తిట్టుకుంది.

అక్కడి నుంచి నా పని తలకిందులైంది. పొడిగించిన చేతులతోనే తగ్గించడం మొదలుపెట్టాను. వాడు వచ్చినప్పుడల్లా వేలెడు చాలనేవాడు, అంతకు మించి అడగడానికి నోరొచ్చేది కాదు. షట్టరు సగం దించమనేవాడు, ఎవరూ చూడకుండా. తన ఇంటిదానికి చెప్పొద్దనేవాడు. బావిలోంచి పైపనికి మార్చినప్పుడు కూడా వాడు అంతగా కుంగలేదు. బండి నడపగలిగినంత కాలం తాను బాగున్నట్టే అని వాడి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం నా వంతు అనుకున్నాను. కోసిన చోటే కోసి, అతికిన చోటే అతికి, ఆ పట్టీలు గడ్డలు కట్టాయి. ఒక్కోసారి వాడు వెళ్లిపోయాక, చేతిలో మిగిలిన ఆ చిన్న ఇనుప ముక్కను ఎక్కడ పారేయాలో తెలిసేది కాదు. దేవుడి మీద కోపం వచ్చేది, తీర్చుకునే దారి లేక, గేటు చేయించుకోవడానికి వచ్చిన వాళ్ల మీద అరిచేవాణ్ని.

చివరికి నేను పెట్టినదంతా కోసేసి, ఫుట్‌రెస్టులను కంపెనీ వాళ్లు పెట్టిన బెజ్జాల్లోనే బిగించవలసిన రోజు వచ్చింది. ఆ రోజు వాడు బండి మీద రాలేదు, పెద్దవంగర నుంచి వచ్చిన బావమరిది నడుపుకొచ్చాడు, తమ్ముడు బస్సు దిగి వెనక ఆటోలో వచ్చాడు. బిగించడం అయ్యాక ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. కాళ్లు అందాయి. కాని మెడ లేవలేదు, ముందు టైరు తప్ప రోడ్డు కనిపించలేదు. కాసేపు అట్లాగే కూర్చుని, దింపమన్నాడు. దిగి, సీటు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇగ ఎవలన్న నడుపొచ్చన్నా," అన్నాడు.

బండిని బావమరిది తీసుకుపోయాడు. నేనూ ఎక్కువ కాలం దుకాణం నడపలేదు, ఆ పని మీద మనసు విరిగిపోయింది. ఇప్పుడు మనిషి కొలతకు కావలసినవన్నీ పెట్టెల్లో వస్తున్నాయి, ఎంత కావాలంటే అంత ముందుకు, వద్దంటే మళ్లీ వెనక్కి, ఇటుకలూ అక్కర్లేదు, నాలాంటి వాడూ అక్కర్లేదు. మంచిదే. మందులు కూడా అప్పటికంటే మంచివి వచ్చాయంటారు, వాడికి అవి ఆలస్యమయ్యాయి.

భూపాలపల్లికి ఇప్పటికీ వెళ్తుంటాను, రోడ్డు బాగుపడింది, బస్సులో తొందరగానే చేరుకుంటాను. వాడు మంచం అంచున కూర్చుని ఉంటాడు, గడ్డం ఛాతీకి ఆని. నా గొంతు విని నవ్వుతాడని తెలుసు గాని, నిలబడితే ఆ నవ్వు కనిపించదు. నేను పోయి వాడి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంటాను. ఇంట్లో వాళ్లు కుర్చీ వేస్తారు, వద్దంటాను. నా తమ్ముడి ముఖం ఇప్పుడు అక్కడి నుంచే కనిపిస్తుంది.